సెకనులో మూడవ వంతు: చేతి తుపాకి, గుండు, దుర్భిణి

ప్రక్షేపకాల పాఠం పూర్తి అయిన రోజున ఒక విద్యార్థి లేచి ఇట్లా అడిగాడు: “అమెరికాలో పిస్తోలుకు దుర్భిణి బిగించి జింకలను వేటాడుతారట గదా సార్! ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే దుర్భిణి పెట్టుకుంటే ఎనిమిది రెట్లు దూరంలో ఉన్న జింకను కొట్టవచ్చునా?” తరగతిలో కొందరు నవ్వారు. నిజానికి ఈ ప్రశ్న నవ్వి తోసివేయదగినది కాదు. దీనికి సమాధానం చెప్పవలెనంటే గెలీలియో కావాలి, న్యూటన్ కావాలి, కటకాల పాఠం కావాలి. పదవ తరగతి భౌతికశాస్త్రం తెలిసినవారెవరైనా కాగితం, పెన్సిలు తీసుకొని దీనిని తేల్చుకోవచ్చు.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చాలా రాష్ట్రాలు లైసెన్సు పొందినవారిని చేతి తుపాకితో జింకలను వేటాడనిస్తాయి. ఎట్టి తూటా వాడవచ్చునో, ఏ ఋతువులో వేటాడవచ్చునో ఆయా రాష్ట్రాల చట్టాలే నిర్ణయిస్తాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వన్యమృగాల వేటను నిషేధించింది. కనుక ఇది మనకు వేటపాఠం కాదు, గణితపాఠం. అయినా ఈ లెక్కలో ఒక ప్రాణి మేలుకీడులు ఇమిడి ఉన్నాయి. గుండు పూర్తిగా గురి తప్పితే జింక పారిపోయి బ్రతుకుతుంది. గురి సరిగా తగిలితే క్షణాలలో ప్రాణం పోతుంది. ఈ రెండూ గాక, గుండు కడుపులోనో కాలిలోనో తగిలితే ఆ జింక పొదలలో పడి గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి బాధపడి చస్తుంది. ఎంత దూరం వరకు గుండు పేల్చవచ్చుననే ప్రశ్నకు అసలు అర్థం, ఈ మూడవ స్థితి రాకుండా ఉండే దూరం ఎంత అని.

కాలిబరు అంటే ఏమిటి?

తుపాకి గొట్టం లోపలి వ్యాసాన్ని కాలిబరు అంటారు. దీనిని అంగుళంలో వందవ వంతులలోగాని, వెయ్యవ వంతులలోగాని, మిల్లీమీటర్లలోగాని చెబుతారు. అయితే పేరులో ఉన్న అంకె ఎల్లప్పుడూ అసలు కొలత కాదు. ‘44 మాగ్నం’ అనే తూటాలోని గుండు వ్యాసం 0.44 అంగుళం కాదు, 0.429 అంగుళం, అంటే 10.9 మి.మీ. ‘221 ఫైర్‌బాల్’ గుండు వ్యాసం 0.224 అంగుళం, అంటే 5.7 మి.మీ. ‘7 మి.మీ.-08’ అనే తూటా గుండు వ్యాసం 7.2 మి.మీ.

కాలిబరు గుండు లావును మాత్రమే చెబుతుంది. దాని ద్రవ్యరాశి ఎంత, దాని వెనుక ఎంత మందు ఉన్నది, గొట్టం దాటేసరికి దాని వేగమెంత అనేవి వేరుగా తెలుసుకోవాలి. కాబట్టి ఈ మూడు తూటాలను ఉదాహరణలుగా తీసుకొని పోల్చి చూద్దాం.

మొదటిది 44 మాగ్నం. ఎల్మర్ కీత్ అనే వేటగాడు, రచయిత పట్టుబట్టగా రెమింగ్టన్ కంపెనీ తూటాను, స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ రివాల్వరును తయారుచేసి 1955-56లో వెలువరించాయి. గుండు ద్రవ్యరాశి సుమారు 15.5 గ్రాములు. పొడవైన గొట్టం ఉన్న రివాల్వరు నుంచి అది సెకనుకు సుమారు 400 మీటర్ల వేగంతో వస్తుంది.

రెండవది 221 ఫైర్‌బాల్. రెమింగ్టన్ కంపెనీ 1963లో ఎక్స్‌పి-100 అనే, ఒకేసారి ఒక్క తూటా మాత్రమే పట్టే పిస్తోలుతో పాటు దీనిని తెచ్చింది. అంతకుముందే ఉన్న 222 రెమింగ్టన్ అనే రైఫిలు తూటాను పొట్టిగా చేసి దీనిని తయారుచేశారు. సుమారు 27 సెం.మీ. గొట్టంలో రైఫిలు తూటాలోని మందు పూర్తిగా మండక, గొట్టం బయట మంటగా, మోతగా వృథా అయ్యేది. అందుచేత మందు తగ్గించవలసి వచ్చింది. దీని గుండు 3.24 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 808 మీటర్లు.

మూడవది 1980లో వచ్చిన 7 మి.మీ.-08 రెమింగ్టన్. ఇది రైఫిలు తూటాయే. థామ్సన్ సెంటర్ కంపెనీ 1967లో కంటెండర్ అనే పిస్తోలు తెచ్చినప్పటి నుంచి, ఒకే పిడికి వేర్వేరు గొట్టాలు మార్చి బిగించుకొనే పద్ధతి వేటగాళ్ళకు అలవాటయినది. ఆ తరువాత రైఫిలు తూటాలను పేల్చగల బలమైన పిస్తోళ్ళు కూడా వచ్చాయి. 9.07 గ్రాముల 7 మి.మీ. గుండు 60 సెం.మీ. రైఫిలు గొట్టం నుంచి సెకనుకు సుమారు 870 మీటర్ల వేగంతో వస్తే, 38 సెం.మీ. పిస్తోలు గొట్టం నుంచి సుమారు 780 మీటర్ల వేగంతో వస్తుంది. వాయువులు గుండును నెట్టే దూరం తగ్గింది గనుక వేగం కూడా తగ్గింది.

పతనం కాలాన్ని బట్టి ఉంటుంది

బల్ల అంచున రెండు నాణేలు పెట్టి, ఒకదానిని వేళ్ళతో జోరుగా అడ్డంగా మీటి, అదే క్షణంలో రెండవదానిని నేరుగా క్రిందికి జారవిడవండి. రెండూ ఒక్కసారే నేలను తాకిన చప్పుడు వినవచ్చు. అడ్డంగా ఉన్న వేగం పతనాన్ని ఆపదు. దీనిని గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు. గుండు కూడా ఆ నాణెం వంటిదే. గొట్టం దాటిన క్షణం నుంచి అది పడుతూనే ఉంటుంది. ఎంత దూరం పోయిందనేది కాక, ఎంతసేపు గాలిలో ఉన్నదనేదే పతనాన్ని నిర్ణయిస్తుంది. కాలపు వర్గాన్ని 4.9తో గుణిస్తే పతనం మీటర్లలో వస్తుంది.

జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న భాగం సుమారు 20 సెం.మీ. వ్యాసం గల వృత్తమని వేటగాళ్ళు లెక్కిస్తారు. దాని మధ్యకు గురి పెట్టితే, గుండు గురి గీతకు 10 సెం.మీ. పైకి గాని, 10 సెం.మీ. క్రిందికి గాని మించి పోరాదు. ఇందుకోసం గొట్టాన్ని గురి గీతకు అతి స్వల్పంగా పైకి వంచి బిగిస్తారు. గుండు ముందు పైకి లేచి, 10 సెం.మీ. ఎత్తు చేరి, మళ్ళీ గురి గీతను దాటి క్రిందికి దిగుతుంది. అది గురి గీతకు 10 సెం.మీ. క్రిందికి చేరడానికి పట్టే కాలమెంత? లెక్క వేస్తే 0.345 సెకను వస్తుంది. ఆ కాలంలో గుండు గొట్టం చూపిన దిశ నుంచి 58 సెం.మీ. పడుతుంది. వంపువల్ల అది 48 సెం.మీ. లేచింది. మిగిలిన తేడా 10 సెం.మీ.

ఈ లెక్కలో గుండు కాలిబరు లేదు, ద్రవ్యరాశి లేదు, తుపాకి పేరు లేదు. ఏ గుండుకైనా ఈ కాలం ఒక్కటే. స్థూలంగా సెకనులో మూడవ వంతు. కనుక ‘ఈ తూటా ఎంత దూరం పనికివస్తుంది?’ అన్న ప్రశ్నను ‘సెకనులో మూడవ వంతు కాలంలో ఈ గుండు ఎంత దూరం పోతుంది?’ అని మార్చుకోవచ్చు.

గాలి అడ్డు

గాలి లేకపోతే వేగాన్ని 0.345తో గుణించితే సరిపోయేది. కాని గాలి ఉన్నది. దాని అడ్డు ఎంత పెద్దదో మొదట కొలిచి చూపినవాడు ఇంగ్లాండు దేశీయుడు బెంజమిన్ రాబిన్స్. 1742లో ఆయన వెలువరించిన గ్రంథంలో, వ్రేలాడగట్టిన బరువైన దిమ్మెలోనికి గుండు పేల్చి, దిమ్మె ఎంత ఊగిందో చూసి గుండు వేగాన్ని లెక్క కట్టే పద్ధతిని వివరించాడు. వివిధ దూరాలలో వేగం కొలిస్తే, గాలి అడ్డు అంతవరకు పండితులు ఊహించినదానికంటె ఎంతో ఎక్కువని తేలింది.

మన ఉదాహరణలలోనే చూడండి. 44 మాగ్నం గుండు 100 మీటర్లు పోయేసరికి దాని వేగం 400 నుంచి సుమారు 325కు తగ్గుతుంది. ఇందుకు పట్టిన కాలం సుమారు 0.28 సెకను. అంటే గాలి ఆ గుండును దాని బరువుకు సుమారు 27 రెట్ల బలంతో వెనక్కు పట్టి ఉన్నదన్నమాట. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ధ్వనికంటె ఎక్కువ వేగంతో బయలుదేరిన గుండు 100 మీటర్లు చేరకముందే దానికంటె తక్కువ వేగానికి దిగుతున్నది. వెడల్పుగా, మొద్దు మూతితో ఉన్న గుండుకు ఇది తప్పదు. సన్నగా, పొడవుగా, సూది మూతితో ఉన్న 7 మి.మీ. గుండు 200 మీటర్ల దూరంలో కూడా సెకనుకు సుమారు 655 మీటర్ల వేగం నిలుపుకుంటుంది.

గాలి అడ్డును కలుపుకొని స్థూలంగా లెక్కిస్తే, 0.345 సెకనులో 44 మాగ్నం గుండు సుమారు 120 మీటర్లు, 221 ఫైర్‌బాల్ సుమారు 210 మీటర్లు, 7 మి.మీ.-08 సుమారు 240 మీటర్లు పోతాయి. ఆ హద్దు దాటిన తరువాత పతనం ఎంత త్వరగా పెరుగుతుందో గమనించండి. గొట్టం చూపిన దిశ నుంచి 44 మాగ్నం గుండు 100 మీటర్ల వద్ద సుమారు 38 సెం.మీ. పడితే, 200 మీటర్ల వద్ద సుమారు 175 సెం.మీ. పడుతుంది. దూరం రెట్టింపయితే పతనం నాలుగు రెట్లను మించింది. అక్కడ దూరాన్ని అంచనా వేయడంలో 20 మీటర్లు పొరపడినా, గుండు గుండెకు బదులు కడుపులో తగులుతుంది.

శక్తి మిగిలి ఉన్నదా?

ఇంతవరకు చూస్తే 221 ఫైర్‌బాల్ 44 మాగ్నం కంటె మేలైనదని తోస్తుంది. కాని గుండు చేరితే చాలదు, పని చేయాలి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణించితే గతిజశక్తి వస్తుంది. గొట్టం దాటేటప్పుడు 44 మాగ్నంకు సుమారు 1,240 జౌళ్ళు, 221 ఫైర్‌బాల్‌కు సుమారు 1,060 జౌళ్ళు, 7 మి.మీ.-08కు సుమారు 2,760 జౌళ్ళు ఉంటాయి. 200 మీటర్ల దూరానికి చేరేసరికి 221 ఫైర్‌బాల్ వద్ద సుమారు 400 జౌళ్ళే మిగులుతాయి. 7 మి.మీ. గుండు వద్ద ఇంకా 1,950 జౌళ్ళ వరకు ఉంటాయి.

జింకకు వెయ్యి అడుగు-పౌనులు, అంటే సుమారు 1,360 జౌళ్ళు కావాలని అమెరికా వేటగాళ్ళలో ఒక మోటు సూత్రం ప్రచారంలో ఉన్నది. ఇది ప్రకృతి నియమం కాదు. 44 మాగ్నంకు గొట్టం దగ్గరే అంత శక్తి లేదు. అయినా వెడల్పుగా, బరువుగా ఉన్న ఆ గుండు దగ్గర దూరంలో లోతుగా దిగి జింకను పడగొడుతుంది. మెత్తని మూతి గల గుండు శరీరంలో విప్పారడానికి ఒక కనీస వేగం అవసరం. ఆ వేగం తగ్గితే అది సన్నని రంధ్రం చేసి బయటకు పోతుంది. కాబట్టి దూరాన్ని నిర్ణయించేటప్పుడు పతనపు హద్దు, శక్తి హద్దు, రెండూ చూసి వాటిలో తక్కువైనదానిని తీసుకోవాలి. 221 ఫైర్‌బాల్ పొలాల్లో బొరియలు త్రవ్వే చిన్న జంతువులకు ఉద్దేశించినదే గాని జింకకు కాదు.

ప్రక్కగాలి

ప్రక్క నుంచి వీచే గాలి గుండును ఎంత ప్రక్కకు నెట్టుతుంది? గాలి వేగాన్ని మొత్తం ప్రయాణకాలంతో గుణిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. గాలి అడ్డే లేకపోతే పట్టవలసిన కాలాన్ని, నిజంగా పట్టిన కాలం నుంచి తీసివేసి, ఆ ఆలస్యంతో ప్రక్కగాలి వేగాన్ని గుణించాలి.

7 మి.మీ. గుండు 300 మీటర్లు పోవడానికి సుమారు 0.438 సెకను పడుతుంది. వేగం తగ్గకపోతే 0.385 సెకను పట్టేది. ఆలస్యం 0.053 సెకను. చెట్ల ఆకులను కదిలించే గాలి, సెకనుకు 4 మీటర్లు అనుకుందాం. అప్పుడు ప్రక్క విచలనం సుమారు 21 సెం.మీ. గుండె మధ్యకు పెట్టిన గురి ఊపిరితిత్తులను కూడా దాటిపోయింది. 44 మాగ్నం గుండుకు 200 మీటర్ల వద్ద ఆలస్యం సుమారు 0.1 సెకను, విచలనం 40 సెం.మీ. గాలి కంటికి కనబడదు, దారి పొడవునా ఒకే తీరుగా వీచదు. ఏ దుర్భిణి దీనిని సరిదిద్దలేదు.

దుర్భిణి ఏమి చేస్తుంది?

పిస్తోలుకు ముందొకటి, వెనుకొకటి ఉండే ఇనుప గురులను కలిపి చూడటంలో పెద్ద చిక్కు ఉన్నది. రెండింటి మధ్య దూరం 20 సెం.మీ. అయితే, ఒకదానిని ఒక మిల్లీమీటరు తప్పుగా చూస్తే 100 మీటర్ల వద్ద 50 సెం.మీ. తప్పు వస్తుంది. రైఫిలుపై ఆ దూరం 60 సెం.మీ. ఉంటే అదే పొరపాటుకు తప్పు 17 సెం.మీ. మాత్రమే. అదీగాక, వెనుక గురి, ముందు గురి, జింక అనే మూడు వస్తువులను కన్ను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. దుర్భిణిలో వస్తు కటకం ఏర్పరచే ప్రతిబింబం, అడ్డతీగలు ఒకే తలంలో ఉంటాయి. అందుచేత రెండూ ఒకేసారి స్పష్టంగా కనబడతాయి. దుర్భిణి వల్ల కలిగే ముఖ్యమైన మేలు ఇది. పెద్దదిగా చూపడం దీని తరువాతి మాట.

అయితే రైఫిలు దుర్భిణిని పిస్తోలుకు బిగించలేము. రైఫిలు దుర్భిణిలో చూడాలంటే కన్ను అక్షి కటకానికి 8 నుంచి 10 సెం.మీ. దగ్గరగా ఉండాలి. పిస్తోలును చేతులు చాచి పట్టుకుంటారు. పైగా అది గట్టిగా వెనక్కు తన్నుతుంది. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం ప్రకారం లెక్క వేయవచ్చు. 7 మి.మీ. గుండు, దానితో వెలువడే వాయువులు కలిపి సుమారు 10 కిలోగ్రాము-మీటర్లు/సెకను ద్రవ్యవేగం తీసుకుపోతాయి. 3.5 కిలోల రైఫిలు సెకనుకు 3 మీటర్లకు లోపుగా వెనక్కు వస్తే, 2 కిలోల పిస్తోలు 5 మీటర్ల వేగంతో వస్తుంది. కన్ను దగ్గరగా ఉంటే కనుబొమ్మ చిట్లుతుంది.

అందువల్ల పిస్తోలు దుర్భిణికి ఎక్కువ నాభ్యంతరం గల అక్షి కటకాన్ని అమర్చి, కన్ను 30 నుంచి 60 సెం.మీ. దూరంలో ఉన్నా కనబడేటట్లు చేస్తారు. దీనికి చెల్లించే మూల్యం ఏమిటో తెలుసుకోవడానికి ఒక గాజు చాలు. చేతి గాజును కంటికి దగ్గరగా పెట్టుకొని నల్లబల్ల వైపు చూడండి. బల్ల అంతా కనబడుతుంది. అదే గాజును చేయి చాచి పట్టుకొని చూడండి. బల్ల మీద ఒక మాట మాత్రమే కనబడుతుంది. దుర్భిణిలోనూ ఇంతే. 36 మి.మీ. వ్యాసం గల అక్షి కటకం, 4 రెట్ల ఆవర్ధనం అనుకుందాం. కన్ను 9 సెం.మీ. దూరంలో ఉంటే 100 మీటర్ల వద్ద సుమారు 10 మీటర్ల వెడల్పు కనబడుతుంది. కన్ను 45 సెం.మీ. దూరంలో ఉంటే 2 మీటర్లే కనబడుతుంది. ఆవర్ధనం 8 రెట్లు చేస్తే అది ఒక మీటరే. కదిలే జింకను ఆ ఒక్క మీటరు కిటికీలో వెతకడం ఎంత కష్టమో ఊహించండి.

ఆవర్ధనం పెరిగేకొద్దీ వెలుతురు కూడా తగ్గుతుంది. వస్తు కటకపు వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే, కంటికి చేరే కాంతి పుంజపు వెడల్పు వస్తుంది. 32 మి.మీ. కటకానికి 4 రెట్ల వద్ద అది 8 మి.మీ., 8 రెట్ల వద్ద 4 మి.మీ. జింకలు ఎక్కువగా తిరిగే సంజవేళ యువకుల కనుపాప సుమారు 7 మి.మీ. వరకు విప్పారుతుంది. ఆ వేళకు 8 రెట్ల బొమ్మ మసకగానే ఉంటుంది. కాబట్టి 2 నుంచి 8 రెట్ల వరకు మార్చుకోగలిగిన దుర్భిణిని ఎంచుకొని, వెతికేటప్పుడు తక్కువలో, ఆనించి గురి చూసేటప్పుడు ఎక్కువలో ఉంచుకోవడం వివేకం.

ఇక పారలాక్స్. జింక ప్రతిబింబం అడ్డతీగల తలంలో సరిగా పడకపోతే, కన్ను అటూ ఇటూ కదిలినప్పుడు తీగలు జింక మీద జరిగినట్లు కనబడతాయి. 100 మీటర్లకు సరిచేసిన 32 మి.మీ. కటకపు దుర్భిణితో 200 మీటర్ల వద్ద చూస్తే ఈ తప్పు 1.6 సెం.మీ. మించదు. దీని గురించి భయపడేవారు అసలు భయపడవలసినది మరొకటి ఉన్నది.

వణికే చేయి

40 సెం.మీ. పొడవున్న పిస్తోలు కొన ఒక మిల్లీమీటరు కదిలితే 100 మీటర్ల వద్ద గురి 25 సెం.మీ., 300 మీటర్ల వద్ద 75 సెం.మీ. కదులుతుంది. భుజానికి ఆనే రైఫిలు మడమ పిస్తోలుకు లేదు. ఉపాధ్యాయులు తరగతిలో లేసరు సూచికతో దీనిని చూపవచ్చు. విద్యార్థిని చేయి చాచి, 10 మీటర్ల దూరంలో ఉన్న గోడమీద చుక్కను నిలపమనండి. ఎవరి కళ్ళ వైపూ దానిని త్రిప్పరాదు. చుక్క 5 సెం.మీ. మేర తిరిగితే, 100 మీటర్ల వద్ద ఆ చేతి గురి అర మీటరు తిరుగుతుందని అర్థం. తరువాత అదే చేతిని పుస్తకాల దొంతరపై ఆనించమనండి. తేడా అందరికీ కనబడుతుంది. 8 రెట్ల దుర్భిణి ఈ వణుకును 8 రెట్లు చేసి చూపుతుంది, అంతే. మాన్పదు. అందుకే అనుభవజ్ఞులు పిస్తోలును సంచిమీదనో, కొయ్య ఊతకర్రలమీదనో ఆనించనిదే దూరపు గురి చూడరు.

విద్యార్థికి సమాధానం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. దుర్భిణి జింకను దగ్గరగా చూపుతుంది. గుండు పోవలసిన దూరాన్ని అది ఒక్క మీటరైనా తగ్గించదు. ఎనిమిది రెట్ల దుర్భిణి పెట్టినా 44 మాగ్నం 120 మీటర్ల తుపాకియే. 7 మి.మీ.-08 సుమారు 240 మీటర్ల తుపాకి. అదైనా గాలి నెమ్మదిగా ఉండి, చేతికి ఊతం ఉన్నప్పుడే. ఆనించిన తన చేతితో వంద మీటర్ల వద్ద ఇరవై సెంటీమీటర్ల వృత్తంలో ప్రతి గుండునూ వేయలేనివానికి హద్దు అంతకంటె తక్కువే. అన్ని హద్దులలో అతి చిన్నదే అసలు హద్దు.

మరొక సంగతి మిగిలి ఉన్నది. నెమ్మదిగా నడిచే జింక సెకనుకు మీటరున్నర పోతుందనుకుంటే, 0.345 సెకనులో అర మీటరు ముందుకు పోతుంది. గుండెకు చూసిన గురి కడుపుకు చేరడానికి అది చాలు. మీట నొక్కిన తరువాత గుండును వెనక్కు పిలవలేము. జింక ఆ క్షణంలో అడుగు వేయదని ఏ లెక్కా హామీ ఇవ్వదు.

దూరం మీద మోజు తీరనివారికి అమెరికాలోనే వేరొక దారి ఉన్నది. 1976లో ఏర్పడిన చేతి తుపాకి లోహబొమ్మల సంఘం పోటీలలో కోడి, పంది, టర్కీ కోడి, పొట్టేలు ఆకారాల ఇనుప బొమ్మలను 50, 100, 150, 200 మీటర్ల దూరాలలో నిలబెడతారు. దూరపు పిస్తోళ్ళు, వాటి తూటాలు అభివృద్ధి చెందడానికి ఈ పోటీలు ఎంతో తోడ్పడ్డాయి. అక్కడ గురి తప్పితే పోయేది ఒక్క మార్కు మాత్రమే. ఇనుప పొట్టేలు గాయంతో పొదలలోకి పోదు.